తిత్తిలో చిల్లు

పోయిన వారం నన్ను టెక్కలి చర్చిలో స్పీకరు పెట్టెల పక్కన, తల దించుకుని నిలబడ్డ చోట వదిలేశారు మీరు. నిజం చెప్పాలంటే నేను ఇంకా అక్కడే నిలబడి ఉన్నాను.

ఈ వారమే మొదలుపెట్టిన వాళ్ళ కోసం నాలుగు ముక్కలు. నా పేరు ఇవాంజెలిన్. పలాసలో ఒక జీడిపప్పు గోదాము మీద గదిలో కూర్చుని కంప్యూటరుతో ఆర్కెస్ట్రా సంగీతం కడతాను. వయొలిన్లున్నాయి, చెల్లోలున్నాయి, కొమ్ములున్నాయి, వేణువులున్నాయి. ఒక్కదాన్నీ చేత్తో ముట్టుకున్న పాపాన పోలేదు. ఎక్కడో చలిదేశంలో పెద్ద హాల్లో వాయిద్యగాళ్ళు ఒక్కో స్వరాన్నీ మెల్లగా ఒకసారి, గట్టిగా ఒకసారి వాయించి రికార్డు చేసి అమ్మితే, నేను కొనుక్కున్నాను. ఇక్కడ మీట నొక్కితే అక్కడి స్వరం పలుకుతుంది.

మా చర్చి కట్టి డెబ్బై అయిదేళ్ళయిన పండగకి, మా సంఘం పాటను అలా ఆర్కెస్ట్రాతో కట్టిమ్మని సెక్రటరీ జాకబ్ గారు అడిగారు. ఆ పాటకి ఏళ్ళ తరబడి కాళ్ళ హార్మోనియం తొక్కుతూ వాయించిన మనిషి మా నాన్న తిమోతి. ఆర్టీసీ డిపోలో మెకానిక్‌గా రిటైరయ్యాడు. ఇప్పుడు వారానికి మూడుసార్లు పలాస వచ్చి డయాలసిస్ చేయించుకుని వెళతాడు.

ఆ పాటలో మూడో పాదం అయ్యాక మా చర్చి మొత్తం ఆగుతుంది. సరిగ్గా రెండు లెక్కలు. నాన్న హార్మోనియం తిత్తికి చిల్లు ఉందనీ, గాలి నిండడానికి రెండుసార్లు ఉత్తినే తొక్కాలనీ ఊరందరికీ తెలుసు. పుట్టిన పిల్లలు కూడా ఆగడం నేర్చుకునే పాట నేర్చుకుంటారు. నా కంప్యూటర్లో తిత్తి లేదు కాబట్టి నేను ఆ రెండు లెక్కలూ తీసిపారేశాను. ఆదివారం నాడు మూడొందల మంది అలవాటు కొద్దీ ఆగిపోయారు. నా ఆర్కెస్ట్రా ఆగలేదు. సగం మంది మూడో పాదంలో, సగం మంది నాలుగో పాదంలో పడి పాట గుడ్డలు చింపుకుంది. వెనక బెంచీల్లో నవ్వులు. ముందు బెంచీలో కూర్చున్న నాన్న చేతికర్ర తీసుకుని, ఎవరి మొహం చూడకుండా బయటికి వెళ్ళిపోయాడు.

ఆ తర్వాత నాలుగు రోజులు ఫోన్ ఎత్తలేదు.

అందుకని గురువారం పొద్దున్నే డయాలసిస్ గదికి వెళ్ళాను. అక్కడయితే నాలుగు గంటలపాటు లేచి వెళ్ళిపోలేడు. ఇది మంచి కూతురు చేసే పని కాదని నాకూ తెలుసు.

కళ్ళు మూసుకునే ఉన్నాడు. నా చెప్పుల చప్పుడు గుర్తుపట్టాడు.

"వొచ్చీసినావా? గొట్టాలు పెట్టీక నానెక్కడికీ పోనేనని తెలిసే వొచ్చినావు."

"ఫోన్ ఎత్తకపోతే మరేటి సెయ్యమంటావు?"

"పాట బాగుందమ్మీ," అన్నాడు. "ఆ వయొలిన్లు ఎంత బాగొచ్చినాయి! నీ మీద నాకేటీ కోపం నేదు."

"మరెందుకు లేచెలిపోయినావు?"

పక్క మంచం దగ్గర యంత్రం కూసింది. నర్సు వచ్చి ఏదో నొక్కి వెళ్ళింది. నాన్న అదంతా అయ్యేదాకా ఆగాడు.

"ఆగనేదు గదా నీ పాట."

నాకు ఒళ్ళు మండింది. "చిల్లు తిత్తి కోసం మూడొందల మంది ఎందుకాగాలి నాన్నా? నా దాంట్లో తిత్తి నేదు, చిల్లూ నేదు. అందుకే తీసీసినాను."

అప్పుడు కళ్ళు తెరిచాడు.

"తిత్తికి చిల్లు నేదమ్మీ."

"ఏటి?"

"నేదు. ఎప్పుడూ నేదు. డిపోలో ఇంజన్లు ఇప్పి బిగించినోణ్ణి నాను. రేడియేటర్లకి అతుకులేసినోణ్ణి. తిత్తికి గుడ్డముక్క ఏసుకోనేనా?"

మా అమ్మ లిల్లీ పెళ్ళికి ముందు మందసలో జీడిబట్టీలో పనిచేసేది. పిక్కలు కాల్చే పొగ ఆరేళ్ళు పీల్చింది. ఊపిరి అప్పుడే చెడింది. కానీ గొంతు బాగుండేది, అందుకని పాటలో నాలుగో పాదం ఆమె ఒక్కతే ఎత్తుకునేది, తర్వాత అందరూ కలిసేవారు. ఇదంతా నాకు తెలుసు. తెలియంది ఆ తర్వాతిది.

"నువ్వు కడుపులో ఉన్న యేడు," అన్నాడు నాన్న. "మూడో పాదం అయ్యేసరికి ఆవిడికి ఊపిరి సాలీది కాదు. రెండాదివారాలు దగ్గొచ్చి పాట ఆగిపోయింది. పెద్దలు ఇంకెవలినైనా పెడదారన్నారు. ఇంటికొచ్చి అన్నం ముట్టనేదు మీయమ్మ. మరుసటి ఆదివారం నాను ఆ సోట కాళ్ళు ఆపీసినాను. సౌండు పడిపోయింది. రెండుసార్లు ఉత్తినే తొక్కినాను. కిర్రు, కిర్రు. ఆపాటికి ఆవిడి ఊపిరి తీసుకుని ఎత్తుకుంది. ఆరాధనయ్యేక ఏటయిందని అడిగితే తిత్తికి చిల్లడిందని సెప్పీసినాను."

"అప్పట్నుండీ?"

"అప్పట్నుండీ. కొత్త తిత్తి ఏయిత్తామని సంఘమోళ్ళు ఎన్నిసార్లన్నారో. నానే ఒద్దన్నాను. ఆ పెట్టెని ఎవలినీ ముట్టుకోనియ్యనేదు. నానూ ఇప్పనేదు. ఇప్పితే సూసినోలికి తెలిసిపోద్ది గదా."

"అమ్మకి తెలుసా?"

"ఆవిడికి తెల్దు. తెలిస్తే ఆ రోజే పాడ్డం మానీసును. ఒకలు జాలిపడితే పడీది కాదు మీయమ్మకి. పోయేదాకా ఎక్కిరించింది నన్ను. బస్సులు బాగుసేత్తావు, తిత్తి బాగుసేసుకోనేవు, నువ్వేటి మెకానిక్కని." నాన్న నవ్వాడు. ఆ నవ్వు చూడలేక నేను గోడ వైపు తిరిగాను.

చిన్నప్పుడు క్వయర్‌లో పిల్లలు నన్ను చిల్లు తిత్తి తిమోతి కూతురనేవారు. ఏడుపొచ్చేది. పెద్దయ్యాక గాలి పోని, చెమ్మకి ఉబ్బని, ఎప్పుడు నొక్కితే అప్పుడు పలికే వాయిద్యాల మీద నాకు పిచ్చి పుట్టిందంటే ఆ పేరు వల్లే. రెండు నెలల క్రితం ఈ పాట కోసమే నాన్నని నా గదికి తీసుకొచ్చి చెవులకి హెడ్‌ఫోన్లు పెట్టాను. టక్ టక్ మని లెక్క వినిపిస్తుంది, దాంతోపాటు వాయించమన్నాను. మూడుసార్లు మూడుచోట్ల కాదు, మూడుసార్లూ అదే చోట ఆగిపోయాడు. నాకు విసుగొచ్చి, "నాన్నా, నీకసలు తాళం రాదు. ఇన్నేళ్ళూ ఎవలూ సెప్పనేదంతే," అన్నాను. ఆయన హెడ్‌ఫోన్లు తీసి, వైరు చుట్టి, బల్ల మీద జాగ్రత్తగా పెట్టి, బస్సు టైమయిందని వెళ్ళిపోయాడు.

ఆ మాట అన్న నోరు ఇదే.

"అప్పుడే ఎందుకు సెప్పనేదు నాన్నా?"

"ఏటని సెప్పాలి? తీసీడమే మంచిదనుకున్నాను. ఆవిడి పోయి మూడేళ్ళయింది, ఇంకెవలి కోసం ఆగాల?" కొంచెంసేపు పైకప్పు చూశాడు. "కానీ ఆదివారం నాడు గుడంతా ఆగింది సూసినావా? అంతమందీ ఒక్కసారి ఆగేసరికి, ఆవిడి ఊపిరి తీసుకున్నట్టు ఇనపడింది నాకు. నిజింగానే ఇనపడింది. నీ వయొలిన్లు దాని మీద నుండి ఎలిపోయినాయి."

నేను మంచం అంచున కూర్చున్నాను. ఏడవకూడదనుకున్నాను. ఏడ్చాను.

"ఊరుకో," అన్నాడు గొట్టాలు లేని చేత్తో నా తల నిమిరి. "ఇంకో మాట. శనివారం నుండి నాను రానమ్మీ."

"ఎక్కడికి రావు?"

"ఇక్కడికి. ఈశ్వరరావుకి సెప్పీసినాను, ఆటో తేవద్దని. సాలు."

"మానేస్తే ఎన్నాళ్ళుంటావో తెలుసా నీకు?"

"పది రోజులు. మా గొప్పయితే పన్నెండు. ఈ వరసలో పడుకున్నోలందరికీ తెలుసమ్మా ఆ లెక్క."

నేను బతిమాలాను, తిట్టాను, అమ్మ మీద ఒట్టేశాను. ఆయన కళ్ళు మూసుకున్నాడు. కోపం లేదు, ఏడుపు లేదు. రిటైరయిన రోజున పానాల పెట్టె డిపోలో అప్పగించి వచ్చినప్పుడు కూడా ఇలాగే ఉన్నాడు.

మధ్యాహ్నం గదికి వచ్చి పాట తెరిచాను. శనివారం లోపల ఆ రెండు లెక్కలూ వెనక్కి పెట్టి ఆయనకి వినిపిస్తే మనసు మారుతుందేమోనని ఆశ. నాకు చేతనయిన పని అదొక్కటే కదా. మూడో పాదం చివర గీత గీసి, మిగతా పాటంతా కుడివైపుకి జరిపాను. రెండు సెకన్ల పని. విన్నాను. వయొలిన్లు ఆగాయి, హాలు ప్రతిధ్వని సన్నగిల్లింది, తర్వాత ఏమీ లేదు. ఏమీ లేకపోవడం అంటే కంప్యూటర్లో నిజంగా ఏమీ లేకపోవడమే. తెర మీద శబ్దం గీత చదునుగా, సున్నా మీద పడుకుని ఉంది. మనుషులు ఆగినప్పుడు అలా ఉండదు. ఎవరో గొంతు సవరించుకుంటారు, పంఖా తిరుగుతుంటుంది, పాటల పుస్తకం పేజీ కదులుతుంది.

వయొలిన్లని ఒక్కొక్కటిగా వేర్వేరు చోట ఆపాను. చెల్లోల బరువు కీబోర్డుకి ఎడమవైపున్న చక్రంతో మెల్లగా తగ్గించి చూశాను. నా సాఫ్ట్‌వేర్‌లో ఒక మీట ఉంది, అది నొక్కితే స్వరాలు మనుషులు వాయించినట్టు కొంచెం ముందూ వెనకా అవుతాయి. ఏ పాట కట్టినా చివర్లో తప్పకుండా నొక్కుతాను. మనిషి చేసే తప్పులు డబ్బిచ్చి కొనుక్కుని, ఇంట్లో ఉన్న ఒక్క తప్పునీ చెరిపేసిన దాన్ని నేను.

అప్పుడు గుర్తొచ్చింది, కిర్రు, కిర్రు. ఆ రెండు తొక్కుళ్ళ చప్పుడు. ఆ చోట ఉండాల్సింది అదే.

శుక్రవారం పొద్దున్న మైకు, రికార్డరు పట్టుకుని టెక్కలి బస్సెక్కాను. చర్చి తాళాలు కాంతమ్మ దగ్గర ఉంటాయి. నా చిన్నప్పటి నుంచీ చర్చి ఊడ్చేది, గంట కొట్టేది ఆమే. పండగకి కట్టిన రంగు కాగితాలు ఇంకా వేలాడుతున్నాయి. హార్మోనియాన్ని నా స్పీకర్లకి చోటు కోసం మూలకి నెట్టి, మీద దుప్పటి కప్పారు. దుప్పటి తీసి, కూర్చుని, పాదాలతో తొక్కాను. కిర్రు, కిర్రు. వినగానే నాకు పదేళ్ళ వయసు వచ్చేసింది. కానీ రికార్డరులో అది వట్టి కర్ర చప్పుడులా పడింది. తిత్తి ఊపిరి పట్టుకోవాలంటే మైకు లోపల పెట్టాలి.

"కాంతమ్మా, స్క్రూడ్రైవరుందా? ఎనక సెక్క ఇప్పాల."

కాంతమ్మ చీపురు పక్కన పెట్టి నన్ను వింతగా చూసింది.

"మీ యమ్మా అదే అడిగిందమ్మా. నువ్వు సిన్నదానివప్పుడు. ఓ బేస్తవారం మద్దేన్నం వొచ్చి, తాలమియ్యి కాంతమ్మక్కా, తిత్తికి గుడ్డేత్తాను, మాయనకి సెప్పకు, ఆదివారం సూసుకోని తెల్లబోవాల, అంది."

నేను మైకు బెంచీ మీద పెట్టాను. "ఇప్పిందా?"

"ఇప్పింది. ఎంతసేపయినా రానేదు. ఏటా అని లోపలికెల్లినాను. పెట్టెనక నేలమీద కూకోని ఏడుత్తంది. ఏటమ్మా లిల్లీ, సిల్లు అతకనేదా అంటే, సిల్లు శానా పెద్దదక్కా అంది. నా ఒల్లో తలెట్టుకోని మల్లీ ఏడిసింది. ఓ గుడ్డసిల్లుకి ఇంతేడుపేటని నాకు తెల్దు. ఎవలికీ సెప్పకంది. నాను సెప్పనేదు."

స్క్రూలు తుప్పు పట్టి ఉన్నాయి. నాలుగు ఊడదీసేసరికి వేళ్ళు కోసుకుపోయాయి. చెక్క పక్కకి పెట్టి, ఫోన్ లైటు వేసి లోపలికి చూశాను.

తిత్తి తోలు మీద, నడిమధ్యన, అరచెయ్యంత అతుకు ఉంది. ఆకుపచ్చ మీద పసుపు చుక్కల వాయిల్ గుడ్డ. ఆ చీర నాకు తెలుసు, నా బడి సంచీ కుట్టిందీ అందులోంచే. అంచులు నాలుగు వైపులా మడిచి, చెప్పులతికించే జిగురుతో ఎంతో నీటుగా అతికించింది. గోటితో ఒక మూల మెల్లగా లేపాను. కింద తోలు చెక్కుచెదరలేదు. చిల్లు లేదు, చీలిక లేదు, సూదిమొన పట్టే రంధ్రం కూడా లేదు.

అమ్మ ఆ రోజు చిల్లు కోసం తిత్తంతా వెతికి ఉంటుంది. ఎక్కడా దొరక్కపోయేసరికి ఆమెకి అర్థమైంది, ప్రతి ఆదివారం తన మొగుడు ఎందుకు ఆగుతున్నాడో. అర్థమయ్యీ, చిల్లు లేని తోలుకి అతుకేసి, చెక్క బిగించి ఇంటికొచ్చింది.

ఊడదీసిన చెక్క లోపలివైపు పెన్సిలు రాత కనిపించింది. అమ్మ గుండ్రటి అక్షరాలు. "తిత్తి బాగుచేయబడినది. దేవునికి స్తోత్రం. లిల్లీ. 11-2-1999."

ఆ తర్వాత ఇరవై మూడేళ్ళు పాడింది అమ్మ. ఆయన ఇచ్చిన ఊపిరి ప్రతివారం తీసుకుంది. ఆయనకి తెలియకూడదని, ఇంటికొచ్చి, నువ్వేటి మెకానిక్కని వెక్కిరించింది. తనకి తెలుసని తెలిస్తే ఆయన చిన్నబుచ్చుకుంటాడని ఈమె దాచింది. తెలిస్తే ఈమె పాట మానేస్తుందని ఆయన దాచాడు. నేను ఆ ఇద్దరి మధ్య కూర్చుని అన్నం తిన్నాను, చిల్లు తిత్తి అని సిగ్గుపడ్డాను, తాళం రాదన్నాను. కాంతమ్మ వచ్చి వీపు మీద చెయ్యి వేసేదాకా నాకు ఏడుస్తున్నానని తెలియలేదు.

నాన్నకి వెంటనే ఫోన్ చేశాను. ఎత్తలేదు. ఇంటికి వెళ్ళాను. తలుపేసి ఉంది, పొరుగింటావిడ ఆయన సమాధుల తోటకి వెళ్ళాడంది. అక్కడికి వెళ్తే అమ్మ సమాధి మీద కొత్త బంతిపూలున్నాయి, ఆయన లేడు. వచ్చిన దారినే మళ్ళీ ఇంటికి వెళ్ళేసరికి చీకటి పడింది. ఈసారి లోపలి నుంచి గడియ వేసి ఉంది. పొద్దున్న మాట్లాడుకుందాం, పడుకోనీ, అన్నాడు తలుపు వెనక నుంచి. కసిరినట్టు కూడా కాదు. ఆ గొంతులో ఓపిక లేకపోవడం విని నేను చర్చి మెట్ల మీదికి వచ్చి కూర్చున్నాను.

శనివారం ఉదయం ఏడింటికి ఈశ్వరరావు నాన్న ఇంటి ముందుకి ఆటో తెచ్చాడు. మూలపేటలో సముద్రం మీద చేపల వేటకి వెళ్ళేవాడు, ఇప్పుడు రోగులని పలాస తిప్పుతున్నాడు.

"మావ రానన్నాడు గదమ్మా," అన్నాడు.

"నాను రమ్మన్నాను గదా. ఉండు."

హార్మోనియం వెనక చెక్క నా చేతుల్లో ఉంది. కాంతమ్మని అడిగి తెచ్చాను. సంఘం ఆస్తి చర్చి దాటించానని జాకబ్ గారు తర్వాత తిట్టుకుంటే తిట్టుకోనీ. తలుపు తట్టాను. గడియ తియ్యలేదు.

"నాన్నా. బండొచ్చింది."

"ఎల్లిపోమను."

"ఎల్తాడు. నాను ఒక్క మాట సెప్పి ఎలిపోతాను."

లోపల మంచం కిర్రుమంది. లేచి కూర్చున్నాడు.

"పెట్టె ఇప్పేను నాన్నా," అన్నాను.

తలుపుకి నుదురు ఆనించాను. చెక్కని గట్టిగా పట్టుకున్నాను. లోపల ఊపిరి వినిపిస్తోంది, ఆయాసంగా, దగ్గరగా. తలుపుకి అవతల ఆయన కూడా వచ్చి నిలబడ్డాడని తెలిసింది.

"అమ్మ నాకన్నా ముందే ఇప్పింది. తొంభై తొమ్మిదిలో. తిత్తి మీద అతుకుంది, తన చీరముక్క. కింద చిల్లు నేదు. అమ్మకి తెలుసు నాన్నా. అప్పట్నుండీ తెలుసు. తెలిసే పాడింది."

అంతే. చెప్పాల్సింది అయిపోయింది.

అలవాటు కొద్దీ నా లోపల లెక్క మొదలైంది. ఒకటి. రెండు. ఆ చోట ఎవరో ఒకరు ఎత్తుకోవాలి.

మూడు. నాలుగు. అయిదు.

అవతల ఊపిరి చప్పుడు ఆగిపోయింది. ఏదో బరువుగా తలుపుకి తగిలి, నేలకి జారింది. ఈశ్వరరావు ఆటో దిగి పరిగెత్తుకొస్తున్నాడు. గడియ ఇంకా వేసే ఉంది.